లాటిస్‌లో ఒక్కో పరమాణువునీ ఫొటో తీయడం: అసలు కష్టం ఎక్కడుంది, కాలేజీ ల్యాబ్‌లో ఎంతవరకు చేయొచ్చు

అమలాపురం వైపు కాలేజీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్న ఒకరి ప్రశ్న ఇది: "క్వాంటమ్ గ్యాస్ మైక్రోస్కోప్‌తో లాటిస్‌లో ఉన్న ఒక్కో పరమాణువునీ విడిగా చూస్తారంటున్నారు. అంత చిన్నదాన్ని ఎలా చూస్తారు? అందులో ఏ ముక్కైనా మా ల్యాబ్‌లో ప్రాజెక్టుగా చేయగలమా?"

లాటిస్ అంటే లేజర్ కాంతితో ఏర్పడే గుంటల వరస, ఒక్కో గుంట ఒక గడి. ముందు రెండో ప్రశ్న సంగతి. మొత్తం యంత్రం కాలేజీలో కట్టడం కుదరదండీ, ఆ ఆలోచన పక్కన పెట్టేయండి. కానీ మసక బొమ్మలోంచి ఏ గడిలో పరమాణువు ఉందో తేల్చే లెక్క, ఆ బొమ్మ తీసే లెన్సును పరీక్షించే పని, ఈ రెండూ మీ దగ్గరున్న సామానుతోనే చేయొచ్చు. ఉత్తుత్తి మోడల్‌గా కాదు, పెద్ద ల్యాబుల్లో పడే ఇబ్బందులే మీకూ ఎదురయ్యేంత గట్టిగా చేయొచ్చు. ఎందుకో తెలియాలంటే మొదటి ప్రశ్నలోకి వెళ్లాలి.

పరమాణువు చిన్నదన్నది ఇక్కడ సమస్యే కాదు. చీకట్లో దూరంగా వెలిగే దీపం ఎంత లావుందో తెలియకపోయినా కనిపిస్తుంది కదా, ఒంటరి పరమాణువు కూడా అంతే: కాంతి ఇస్తే చాలు, కెమెరాలో చుక్క పడుతుంది. సమస్యలు రెండు. పక్కపక్క గడుల మధ్య ఎడం చాలా తక్కువ. ఫొటోకు సరిపడా ఫోటాన్లు ఇచ్చేలోపు పరమాణువు వేడెక్కి ఎగిరిపోతుంది. మొదటిదే అందరూ అడుగుతారు గానీ, అసలు కష్టం రెండోదే.

ఎడం లెక్క చూద్దాం. 1064 నానోమీటర్ల లేజర్‌ను అద్దం మీద కొట్టి వెనక్కి పంపితే నిలువు తరంగం ఏర్పడుతుంది. దాని గడులు 532 నానోమీటర్ల ఎడంలో వస్తాయి. రుబీడియం-87 వెలిగేది 780 నానోమీటర్ల దగ్గర. ఈ పరికరం మొదట 2009లో హార్వర్డ్‌లో మార్కస్ గ్రైనర్ బృందం దగ్గర పనిచేసింది, అక్కడి గడుల ఎడం 640 నానోమీటర్లు. మరుసటి ఏడాది జర్మనీలోని గార్షింగ్‌లో ఇమ్మాన్యుయేల్ బ్లాక్, స్టెఫాన్ కూర్‌ల బృందం 532 నానోమీటర్ల లాటిస్‌తో, 0.68 న్యూమరికల్ అపెర్చర్ (లెన్సు ఎంత వెడల్పు కోణం నుంచి కాంతి పడుతుందో చెప్పే సంఖ్య) ఉన్న ఆబ్జెక్టివ్‌తో, అంటే పరమాణువుల వైపు ఉండే లెన్సుతో, చేసి చూపింది. 0.61ని తరంగదైర్ఘ్యంతో గుణించి అపెర్చర్‌తో భాగిస్తే రిజల్యూషన్, అంటే రెండు చుక్కలను విడిగా చూపగల అతి తక్కువ దూరం, 700 నానోమీటర్లు. అంటే చుక్క మసక గడి కంటే పెద్దది.

ఇంకో మెట్టు దిగితే సంగతి ఇంకా ముదురుతుంది. ఆ లెన్సు దాటించగలిగే అతి చిన్న పీరియడ్ (ఒకే నమూనా మళ్లీ మళ్లీ వచ్చే దూరం), తరంగదైర్ఘ్యాన్ని రెండు అపెర్చర్లతో భాగిస్తే వచ్చేది, 574 నానోమీటర్లు. గడులన్నీ నిండిన లాటిస్ పీరియడ్ 532. కాబట్టి నిండుగా ఉన్న ప్రాంతం కెమెరాలో గళ్లగళ్లుగా రాదు, సమంగా వెలిగే మచ్చలా వస్తుంది. ఎంత మంచి కెమెరా పెట్టినా అంతే. నెట్‌లో కనిపించే చక్కటి గళ్ల బొమ్మలు, రంగు చుక్కలు లెక్క కట్టాక గీసినవే, కెమెరా ఇచ్చినవి కావు. మరి ఎలా తేలుస్తారు? గడులు ఎక్కడున్నాయో ముందే తెలుసు కాబట్టి. ప్రతి గడికీ జవాబు సున్నా లేదా ఒకటి, మధ్యలో ఇంకేదీ లేదు. ఈ రెండు ముందస్తు సమాచారాలు ఉంటే లెన్సు ఇవ్వని వివరాన్ని లెక్క ఇస్తుంది.

ఇప్పుడు వేడి సంగతి. రుబీడియం పరమాణువు ఒక ఫోటాన్‌ను మింగి మరోదాన్ని వదిలితే, సగటున 0.36 మైక్రోకెల్విన్‌కు సమానమైన శక్తి దానికి అంటుకుంటుంది. ఫొటో తీసేటప్పుడు లాటిస్ గుంట లోతు 300 మైక్రోకెల్విన్ అనుకుంటే, సుమారు 830 ఫోటాన్లు చిమ్మేసరికి పరమాణువు గుంట దాటిపోతుంది. 0.68 అపెర్చర్ లెన్సు చుట్టూ చిమ్మే కాంతిలో 13 శాతమే పట్టుకుంటుంది. అద్దాలు, ఫిల్టర్ల నష్టం, కెమెరా సామర్థ్యం కలిపితే చివరికి మిగిలేది 8 శాతం లోపే. 830లో 8 శాతం అంటే అరవై చిల్లర ఫోటాన్లు. పక్క గడి మసక దానిలో కలిసే చోట అరవై ఫోటాన్లతో ఏమీ తేల్చలేం.

అందుకే వెలిగించే కాంతే చల్లబరిచే కాంతి కూడా అయి ఉండాలి. ఆప్టికల్ మొలాసెస్ అనేది ఈ పనే చేస్తుంది: పరమాణువు మింగే కాంతి రేఖకు కొంచెం ఎర్ర వైపున ఉంచిన లేజర్ కిరణాలు అన్ని దిక్కుల నుంచి పడి, పరమాణువు తిన్న ప్రతి తన్నుకూ మందు వేస్తూ పోతాయి. అప్పుడు సెకనుకు 50,000 ఫోటాన్ల చొప్పున ఒక సెకను వెలిగించినా పరమాణువు గడిలోనే ఉంటుంది, కెమెరాకు సుమారు 4,000 ఫోటాన్లు అందుతాయి. అంతటితో లెక్క కుదురుతుంది.

ఇది కాగితం మీద సులువుగా కనిపిస్తుంది గానీ, పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. లాటిస్ కాంతి వల్ల రుబీడియం రేఖ కొంత జరుగుతుంది, లోతు మారితే ఆ జరుగుడూ మారుతుంది. అందుకే లాటిస్ పవర్ పెంచి, మొలాసెస్ ఫ్రీక్వెన్సీని పాత చోటే వదిలేస్తే చల్లదనం పోతుంది. లేజర్ కిరణం నడుమ గట్టిగా, అంచున పలచగా ఉంటుంది కాబట్టి గుంటలు అంచున లోతు తక్కువ. పరమాణువులు గడి మారడం మొదట అక్కడే కనిపిస్తుంది. మొలాసెస్ కిరణాలు తమలో తాము కలిసి చారలు కడతాయి, కొన్ని గడులు మసకగా, కొన్ని మెరుపుగా వస్తాయి. కిరణాల మధ్య చిన్న ఫ్రీక్వెన్సీ తేడా పెట్టడమో, అద్దాన్ని పీజోతో (వోల్టేజీ ఇస్తే కాస్త కదిలే ముక్కతో) ఆడించడమో చేసి ఆ చారలను సగటు చేయాలి. ఇవన్నీ సరిగా ఉన్నాయో లేదో తెలుసుకునే పద్ధతి ఒకటే: అవే పరమాణువులకు వెంటవెంటనే రెండు ఫొటోలు తీయండి. రెండోదానిలో మాయమైనవి నష్టం, కొత్త గడిలో తేలినవి దూకుడు. రెండూ కలిపి ఒకటి రెండు శాతం దాటితే డేటా తీయకూడదు, సర్దుబాటు చేయాలి. వాక్యూమ్ లెక్క కూడా ఇందులోనే పడుతుంది. మిగిలిన గాలి అణువులు తగిలి పరమాణువు నిలిచే సగటు కాలం 60 సెకన్లే అయితే, ఒక సెకను ఫొటోలో 1.7 శాతం ఊరికే పోతాయి.

ఫొటోకు ముందు లాటిస్ లోతు తక్కువ. పాఠాల్లో లాటిస్‌ను గుడ్ల అట్టతో పోలుస్తారు. అనపర్తి కోళ్ల ఫారాల దగ్గర గుట్టలుగా కనిపించే అట్టలే మనసులో పెట్టుకోవచ్చు, కానీ గుడ్డు పక్క గుంటలోకి దానంతటది జారదు, పరమాణువు జారుతుంది. ఆ జారుడు శక్తి జె, ఒకే గడిలో రెండు పడితే అయ్యే ఖర్చు యు. రెండు మితుల చదరపు లాటిస్‌లో, గడికి ఒకటి చొప్పున ఉన్నప్పుడు, యు/జె సుమారు 16.7 దాటితే సూపర్‌ఫ్లూయిడ్ (పరమాణువులు గడుల మధ్య స్వేచ్ఛగా జారే దశ) కాస్తా మాట్ ఇన్సులేటర్ (ఎక్కడివక్కడ నిలిచిపోయే దశ) అవుతుంది. మీకు కావలసిన లోతు దగ్గర భౌతిక శాస్త్రం జరగనిచ్చి, తర్వాత లోతును ఒక్కసారిగా 3,000 రీకాయిల్ శక్తుల (ఒక్క లాటిస్ ఫోటాన్ తన్నుకు పరమాణువుకు అంటే శక్తి ఒక రీకాయిల్) దాకా పెంచితే జారుడు ఆగిపోతుంది, పంపిణీ ఉన్నపళంగా గడ్డకడుతుంది. 532 నానోమీటర్ల లాటిస్‌కు ఒక రీకాయిల్ శక్తి అంటే 2.03 కిలోహెర్ట్జ్. మీ రిపోర్టులో యూనిట్లు మార్చేటప్పుడు ఇది పనికొస్తుంది.

ఈ ఫొటోల్లో కొత్తవాళ్లు తప్పుగా చదివేది ఒకటుంది. ఒకే గడిలో రెండు పరమాణువులుంటే మొలాసెస్ కాంతి పడగానే అవి ఒకదాన్నొకటి తన్నుకుని జంటగా ఎగిరిపోతాయి. మూడుంటే ఒకటి మిగులుతుంది. కాబట్టి కెమెరా చూపించేది ఎన్ని ఉన్నాయన్నది కాదు, బేసా సరా అన్నది మాత్రమే. పరమాణువుల మబ్బు నడుమ గడికి రెండేసి చొప్పున నిండిన చక్కటి మాట్ పొర కూడా ఫొటోలో నల్లటి బొక్కలా వస్తుంది. దాన్ని "నడుమ ఖాళీ" అని రాస్తే పరీక్షకుడు ఊరుకోడు.

ఒక్క పొరనే మిగల్చడం ఇంకో తలనొప్పి. లెన్సు ఫోకస్ లోతు సుమారు 1.7 మైక్రాన్లు. పొరలు 532 నానోమీటర్ల ఎడంలో ఉంటే మూడు పొరలు ఒకేసారి ఫోకస్‌లో పడి కలగాపులగమవుతాయి. అయస్కాంత క్షేత్రానికి వాలు పెట్టి, మైక్రోవేవ్‌తో ఒక్క పొర స్పిన్‌ను మాత్రం తిప్పి, మిగతావాటిని రెసొనెంట్ కాంతితో (అవి మింగే సరైన ఫ్రీక్వెన్సీ కాంతితో) తోసేస్తారు. సెంటీమీటరుకు 25 గాస్ వాలు ఉంటే, రుబీడియంలో ఎఫ్ = 1, ఎమ్ఎఫ్ = −1 అనే స్పిన్ స్థితి నుంచి ఎఫ్ = 2, ఎమ్ఎఫ్ = −2 స్థితికి మారేటప్పుడు, ఒక పొరకూ పక్క పొరకూ తేడా 2.8 కిలోహెర్ట్జ్. క్షేత్రంలో చూస్తే 1.3 మిల్లీగాస్. మామూలు గదిలో కరెంటు తీగల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ క్షేత్రమే మిల్లీగాస్ స్థాయిలో ఉంటుంది. అందుకే ఆ పల్స్‌ను మెయిన్స్ తరంగంలో ప్రతిసారీ ఒకే దశలో వదులుతారు, సున్నితమైన కాయిళ్లను బ్యాటరీ మీద నడుపుతారు. ఇవాళ ఒక పొర, రేపు పక్క పొర దొరికితే ముందు చూడాల్సింది లేజర్లను కాదు, ఆ గదిలో కొత్తగా పెట్టిన ఇనుప బీరువానో, స్టూలునో.

లిథియం-6, పొటాషియం-40 లాంటి ఫెర్మియాన్లకు ఈ మొలాసెస్ సరిపోదు. వాటి ఎక్సైటెడ్ లెవెళ్లు ఒకదానికొకటి మరీ దగ్గర. రామన్ సైడ్‌బ్యాండ్ కూలింగ్ (గుంటలోని కంపనాన్ని మెట్టు మెట్టుగా దించే పద్ధతి) లాంటి వాటితో 2015లో ఒకే ఏడాది ఐదు ల్యాబులు సాధించాయి. 2017లో హార్వర్డ్ బృందం లిథియం-6తో స్పిన్లు ఒకటి పైకి, ఒకటి కిందకి వరుస కట్టిన యాంటీఫెర్రోమాగ్నెట్‌ను గడిగడికీ చూపింది. ఇక్కడ ఇంతకంటే అవసరం లేదు.

ఇక మీ కాలేజీలో చేయగలిగినవి. మొదటిది, కంప్యూటర్ చాలు. పైథాన్‌లో 40 × 40 గడుల లాటిస్ తీసుకుని కొన్నింటిని నింపండి. కెమెరా పిక్సెల్ 16 మైక్రాన్లు, మాగ్నిఫికేషన్ 120 అనుకుంటే ఒక పిక్సెల్ 133 నానోమీటర్లు, గడికి దాదాపు 4 పిక్సెళ్లు. ఒక్కో పరమాణువుకు 241 నానోమీటర్ల సిగ్మా ఉన్న గాసియన్ చుక్క వేయండి (780, 0.68లకు దగ్గరి లెక్క ఇదే). పరమాణువుకు 2,000 ఫోటాన్లు పెట్టి పాయిసన్ నాయిస్ (ఫోటాన్లు లెక్కించడంలో సహజంగా వచ్చే హెచ్చుతగ్గులు) కలపండి. ఈఎమ్‌సీసీడీ (మసక కాంతి సిగ్నల్‌ను లోపలే పెంచే) కెమెరా అనుకుంటే వేరియన్స్ రెట్టింపు చేయండి.

ఇప్పుడు గడి చదరంలో పడ్డ కాంతి కూడి, ఒక హద్దు పెట్టి ఉందా లేదా అని తేల్చబోతే ఏమవుతుందో చూడండి. పరమాణువు కాంతిలో సొంత చదరంలో పడేది 53 శాతమే. నాలుగు పక్క గడుల్లో ఒక్కోదానికి దాదాపు 10 శాతం, మూలల్లో ఒక్కోదానికి 2 శాతం లోపు పోతుంది. చుట్టూ ఎనిమిది నిండిన ఖాళీ గడిలో పడే కాంతి 46 శాతం. చుట్టూ ఎవరూ లేని ఒంటరి పరమాణువు సొంత గడిలో 53 శాతం. ఆ రెండింటికీ తేడా ఏముంది? ఏ హద్దు పెట్టినా ఒక చోట తప్పు వస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోయి ఫోటాన్లు పెంచుతారు, లాభం ఉండదు, ఎందుకంటే ఇది నాయిస్ కాదు, కారుడు. చుక్క ఆకారాన్ని ముందే కొలిచి, అన్ని గడుల తీవ్రతలనూ ఒకేసారి లీస్ట్ స్క్వేర్స్‌లో సాధించాలి, లేదా రిచర్డ్‌సన్-లూసీ పద్ధతిలో డీకన్వల్యూషన్ (చుక్క మసకను లెక్కతో వెనక్కి తీయడం) చేసి తర్వాత హద్దు పెట్టాలి. అప్పుడు గడుల తీవ్రతల హిస్టోగ్రామ్ ఖాళీ, నిండు అని రెండు గుట్టలుగా విడిపోతుంది.

ఇందులో గడులు ఎక్కడ మొదలయ్యాయో, ఏ కోణంలో ఉన్నాయో మీరే పెట్టారు కాబట్టి సులువు. నిజం ల్యాబ్‌లో లాటిస్ ప్రతి షాట్‌కూ కొంచెం జరుగుతుంది. కాబట్టి కోడ్‌కు ఆ రెండూ చెప్పకుండా దాచండి. పలచగా నింపిన బొమ్మలు కొన్ని తయారుచేసి, ఒంటరి చుక్కల నడిమి బిందువులను ఫిట్ చేయండి, వాటి మధ్య దూరాలను ఒక కోణంలో ప్రొజెక్ట్ చేసి 532తో మడవండి. సరైన కోణం దగ్గర అన్నీ ఒకే చోట కుప్ప పడతాయి. కోణం, ఎడం ఇలా కుదిరాక, జరుగుడు ఒక్కదాన్నే షాట్ షాట్‌కూ కొత్తగా వెతకాలి. నిండు బొమ్మతో ఈ పని మొదలుపెట్టకండి. 574 పరిమితి వల్ల అందులో కోణం కనిపించనే కనిపించదు.

రెండో పని లెన్సు. మీ బాటనీ వాళ్ల మైక్రోస్కోపులో 40 రెట్ల ఆబ్జెక్టివ్ మీద 0.65 అని, పక్కన 160/0.17 (ట్యూబ్ పొడవు, కవర్ గాజు మందం, మిల్లీమీటర్లలో) అని రాసి ఉంటుంది. 780 నానోమీటర్ల కాంతికి దాని రిజల్యూషన్ 732 నానోమీటర్లు, గార్షింగ్ లెన్సుకు దాదాపు సమానం. తేడా ఏమిటంటే అది సెంటీమీటరు పైచిలుకు దూరం నుంచి, వాక్యూమ్ కిటికీ గుండా చూస్తుంది, మీది మిల్లీమీటరు లోపు నుంచి చూస్తుంది. ధరలో తేడా అంతా ఆ దూరానికే. ఈ లెన్సు ముందు పరమాణువు బదులు పెట్టడానికి చిన్న బొక్క కావాలి. కెమిస్ట్రీ ల్యాబ్‌లో టోలెన్స్ పరీక్షతో (వెండి అద్దం వచ్చే పరీక్ష) 0.17 మిల్లీమీటర్ల కవర్ స్లిప్ మీద పలచగా వెండి పూత వేయించండి. ముందు గాజు జిడ్డు లేకుండా కడగాలి, లేకపోతే పూత మచ్చలు పడుతుంది. ట్యూబ్‌లైట్ ముందు పెట్టి చూస్తే నీలంగా మసకగా కనిపించేంత మందం ఉండాలి. ఒక వైపు పూతను పలచటి నైట్రిక్ ఆసిడ్ అద్దిన దూదితో తుడిచేయండి. మిగిలిన పూతలో సహజంగానే సూది మొనకన్నా సన్నని బొక్కలుంటాయి. టోలెన్స్ ద్రావణాన్ని నిల్వ మాత్రం ఉంచకండి, పేలే పదార్థం ఏర్పడుతుంది. పని అయిన వెంటనే పలచటి ఆసిడ్ కలిపి, నీళ్లు దండిగా పోసి పారబోయాలి.

పూత ఉన్న వైపు కిందకి, గాజు ఆబ్జెక్టివ్ వైపు ఉండాలి. కింద నుంచి 780 ఎల్‌ఈడీ వెలిగించండి. ఐపీస్ తీసి, 3.45 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న మోనోక్రోమ్ కెమెరాను ప్రతిబింబం పడే చోట పెడితే 532 నానోమీటర్లకు 6 పిక్సెళ్లు వస్తాయి. రంగుల వెబ్‌క్యామ్ అయితే లోపలి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ తీయాలి. కనిపించే చుక్కల్లో చిన్నవి, ఒకే సైజువి ఎంచుకోండి. వాటి సగం ఎత్తు వెడల్పు 612 నానోమీటర్ల దగ్గర, అంటే 7 పిక్సెళ్ల దగ్గర రావాలి. చుక్కకు ఒక వైపు తోక వస్తే గాజు వాలింది. ఫోకస్‌కు పైన ఒక రకం, కింద మరో రకం వలయాలు వస్తే గాజు మందం తప్పు. రెండు కవర్ స్లిప్పులు కావాలనే అంటించి చూడండి, తెలిసిపోతుంది. పెద్ద ల్యాబులో వాక్యూమ్ కిటికీకి పడే పాట్లు ఇవే, అక్కడ డిగ్రీలో పదో వంతు వాలు కూడా లెక్కే. ఇలా కొలిచిన చుక్కనే మీ కోడ్‌లో గాసియన్ బదులు పెట్టండి, ఎంత తేడా వస్తుందో చూడండి.

కొంచెం డబ్బు దొరికి రుబీడియం సెల్, 780 డయోడ్ లేజర్ కూడా కొంటే మన కోనసీమ గాలిని లెక్కలోకి తీసుకోండి. చవగ్గా దొరికే 785 డయోడ్లను చల్లబరిచి 780కి తేవచ్చని పుస్తకాలు చెబుతాయి. డిగ్రీకి పావు నానోమీటరు చొప్పున జరుగుతుంది కాబట్టి ఇరవై డిగ్రీలు దించాలి. గ్రేటింగ్ (లేజర్ తరంగదైర్ఘ్యాన్ని ఎంచే గీతల పలక) కొంత లాగినా మిగతాది చల్లదనంతోనే రావాలి. వర్షాకాలంలో ఇక్కడ మంచుబిందు ఉష్ణోగ్రత 25 డిగ్రీల దాకా పోతుంది. డయోడ్‌ను 15కు దించితే దాని మీద నీళ్లే. గది ఉష్ణోగ్రత దగ్గరే 780 ఇచ్చే డయోడ్ కొనండి, పెట్టెను మూసి సిలికా జెల్ వేయండి. 780 కాంతి కంటికి మసకగా కనబడుతుంది గానీ నిజానికి బలంగా ఉంటుంది, రెప్ప దానంతటది పడదు కాబట్టి రెటీనా దెబ్బతినొచ్చు, తగిన కళ్లజోడు లేకుండా ముట్టుకోవద్దు. ఆబ్జెక్టివ్‌ను మాత్రం వాన రోజుల్లో బల్ల మీద వదలకండి, గాజు మీద బూజు పడితే పూత దిగిపోయి మళ్లీ రాదు. 40 నుంచి 50 శాతం తేమలో ఉంచే పెట్టెలోనో, సిలికా జెల్ వేసిన గాలి చొరబడని స్టీలు డబ్బాలోనో పెట్టండి.

రిపోర్టులో తప్పనిసరిగా ఉండాల్సినవి రెండు: కొలిచిన చుక్కతో చేసిన హిస్టోగ్రామ్, అందులో రెండు గుట్టల మధ్య పల్లంలో పడ్డ గడుల శాతం. దాంతోపాటు ఫొటో మధ్యలో 1 శాతం పరమాణువులు పక్క గడిలోకి దూకినట్టు సిమ్యులేషన్‌లో పెట్టి, ఆ పల్లం ఎంత నిండుతుందో కూడా చూపించండి. సగం సేపు ఒక గడిలో, సగం సేపు ఇంకో గడిలో వెలిగినవి సరిగ్గా అక్కడే వచ్చి పడతాయి.